వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర

ఫార్మసిస్టు పని మందులు అందించడం అని మీకు కాలేజీలో చెప్పి ఉంటారు. అది నిజం కాదు. అందించడానికి మనిషి అక్కర్లేదు, యంత్రం పెట్టినా అందిస్తుంది. మందు పేరు కూడా పలకలేని మనిషి దాన్ని తన ఇంట్లో, తన వాళ్ల మధ్య, మనం లేని చోట సరిగ్గా వేసుకునేలా చూడడం మన పని. కలకత్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి ఫార్మసీ కిటికీ వెనక ముప్పై మూడేళ్లు నిలబడ్డాను. పోయినేడాది రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ పదవి ఎప్పుడు వచ్చిందో మీకు అనవసరం. ఒక్క మందు గురించి, దానితో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, ఆ తప్పు తర్వాత మేం గెలిచిన ఒక పోరాటం గురించి చెబుతాను. గెలిచాం అని ముందే చెప్పేస్తున్నాను. ఆ మాట దాచి ఊరించడం నాకు చేతకాదు.

ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. పసుపు రంగు చిన్న మాత్ర. మన శరీరంలో సూక్ష్మజీవులతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ కొందరిలో పొరబడి సొంత కీళ్ల మీదే పడుతుంది. డాక్టర్లు దాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు, జనం కీళ్లవాతం అంటారు. వేళ్లు వాస్తాయి. పొద్దున్న లేవగానే పిడికిలి ముడవలేరు. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు వేళ్లు వంకర తిరుగుతాయి, ఇక తిన్నగా కావు. నొప్పి మాత్ర నొప్పిని అణుస్తుంది గాని లోపల కీలు అరుగుతూనే ఉంటుంది. ఈ పసుపు మాత్ర అసలు ఆ దాడినే తగ్గిస్తుంది. సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ ఇస్తారు. చాలా పెద్ద మోతాదులో కొన్ని క్యాన్సర్లకూ ఇస్తారు. కీళ్లకు ఇచ్చేటప్పుడు ఫలితం వెంటనే కనిపించదు. ఆరు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు ఓపిక పట్టాలి.

రక్షణ వ్యవస్థను అణిచే మందు ఊరికే పనిచేయదు, దానికి మూల్యం ఉంటుంది. వికారం, నోటిపూత, జుట్టు పలచబడడం చిన్న మూల్యాలు. కాలేయం దెబ్బతినడం, రక్తకణాలు పడిపోవడం పెద్దవి. కొందరికి ఊపిరితిత్తులు వాచి పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. జ్వరం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. గర్భిణికి ఇవ్వనే కూడదు. మద్యం తాగేవాడికి, మూత్రపిండాలు బాగాలేనివాడికి రెట్టింపు జాగ్రత్త కావాలి. కొన్ని యాంటీబయాటిక్స్ దీనితో కలిస్తే ప్రమాదం. అందుకే మొదలుపెట్టే ముందూ, వాడుతున్నంత కాలమూ రక్తపరీక్షలు చేస్తారు. బాధలు తగ్గించడానికి పక్కన ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. అదీ పసుపు మాత్రే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే చంపుతుంది. అతిశయోక్తి అనుకోకండి.

ఘోష్ బాబుకు అరగని నిజం

నా మొదటి బాస్ ఘోష్ బాబు. చురుకైన చేతులు, తప్పని లెక్క. అయినా నా దృష్టిలో ఆయన సగం ఫార్మసిస్టే. కిటికీ దగ్గర రోగితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే వెనక నుంచి బెంగాలీలో కేక వినపడేది: “ఎతో కొథా కీశేర్, కరుణా?” ఇన్ని మాటలెందుకు, మందిచ్చి పంపెయ్ అని.

ముఖ్యంగా దుష్ఫలితాలు చెప్పకూడదనేవారు. “చెబితే భయపడి మానేస్తారు. చెప్పకపోతే హాయిగా వేసుకుంటారు. నీకేది కావాలి?”

ఈ వాదన మీకూ చాలామంది పెద్దమనుషులు వినిపిస్తారు. మతంలో, రాజకీయంలో, వైద్యంలో అన్నిచోట్లా ఇదే మాట: సామాన్యుడికి నిజం అరగదట. సామాన్యుడికి నిజం ఎప్పుడైనా వడ్డించి చూశారా అని నేను అడుగుతాను. ఒక్కసారీ పెట్టకుండానే అరగదని తేల్చేయడం ఏం న్యాయం?

మెటియాబ్రుజ్ నుంచి ఒక దర్జీ ఈ మందుకోసం వచ్చేవాడు. నేను అతనికి అన్నీ చెప్పాను. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మన్నాను. ఘోష్ బాబు నవ్వారు. “మెటియాబ్రుజ్‌లో గుడ్డ ధూళికి దగ్గని దర్జీ ఉన్నాడా? రేపట్నుంచి రోజూ వస్తాడు, చూస్తూండు.”

అతను రోజూ రాలేదు. అయిదు నెలల తర్వాత ఒక్కసారి వచ్చాడు. “దీదీ, గుడ్డ దగ్గు నాకు ఇరవై ఏళ్ల స్నేహితం. ఇది అది కాదు. ఇది వేరే దగ్గు,” అన్నాడు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు రెండూ మందువల్ల వాచి ఉన్నాయి. మందు ఆపారు, చికిత్స చేశారు, మనిషి బతికాడు. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పారు, నేను రాయను. చదువులేని దర్జీకి నిజం అరిగింది. అరగనిది ఘోష్ బాబుకే.

ఆయన ఓడిపోయానని ఒప్పుకోలేదు. కాని మర్నాటి నుంచి నా కిటికీ దగ్గర వరస పెరిగితే కేకలు వేయడం మానేసి, సగం మందిని తన కిటికీకి పిలుచుకునేవారు. ఆయన నుంచి నేను నేర్చుకున్నదీ ఉంది. చీటీ రెండుసార్లు చదవకుండా మందు మీద చెయ్యి వేయొద్దనేవారు. ఆ మాట ఈ రోజుకూ శిరోధార్యం.

దేవుడి క్యాలెండరు

మా నాన్న పోర్టులో పనిచేసేవారు. ఆ పక్కనే గార్డెన్ రీచ్ పేటలో పుట్టి పెరిగాను. ఆదివారం అమ్మ చర్చికి వెళితే నాన్న నన్ను తెలుగువాళ్ల రీడింగ్ రూముకు తీసుకెళ్లేవారు. అక్కడ వితంతు వివాహం నుంచి విగ్రహారాధన దాకా దేనిమీదైనా వాదన జరిగేది. ఒక్కటే నియమం. అవతలివాడి వాదనను ముందు నువ్వు నీ నోటితో చెప్పాలి. అతను “అవును, నేనన్నది అదే” అన్నాకే నీకు జవాబు చెప్పే హక్కు. చాలామంది ఉద్దండులు ఆ నియమం దగ్గరే కూలబడేవారు.

ఆ నియమాన్ని నేను ఫార్మసీ కిటికీలోకి తెచ్చాను. “అర్థమైందా?” అని నేను ఎవరినీ అడగను. ఆ ప్రశ్నకు ప్రపంచంలో అందరూ అవుననే అంటారు. “ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఏ మాత్ర, ఏ రోజు, ఎన్ని?” అంటాను. వాళ్లు తిరిగి చెప్పాకే మందు కిటికీ దాటుతుంది.

రోజు ఏది పెట్టాలన్నది రెండో సమస్య. మొదట్లో అందరికీ సోమవారం అని చెప్పేదాన్ని. సోమవారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు బుద్ధి వచ్చింది. మెటియాబ్రుజ్ దర్జీలకు శుక్రవారం నమాజు అయ్యాక. బెంగాలీ ఇల్లాళ్లకు గురువారం లక్ష్మీపూజ అయ్యాక. మా తెలుగు క్రైస్తవులకు ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక. తోటివాళ్లు ఏడిపించేవారు: “దేవుణ్ణి నమ్మని దీదీ దేవుడి క్యాలెండరు మీద బతుకుతోంది!” బతుకుతాను. నాకు ఏ రోజూ పవిత్రం కాదు. మనిషి ఏ రోజును మరిచిపోడో ఆ రోజు నాకు కావాలి. హేతువాదం అంటే మనుషులు ఎలా ఉండాలో ఊహించుకోవడం కాదు, ఎలా ఉన్నారో చూడడం.

ఇంత తెలిసినదాన్ని నేను. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

తెలుగులో రాసిన పొట్లం

సువార్తమ్మ గార్డెన్ రీచ్‌లోనే ఉంటుంది. అరవైకి దగ్గర పడిన మనిషి, భర్త లేడు. మెటియాబ్రుజ్ కార్ఖానాల నుంచి పిల్లల గౌన్లు ఇంటికి తెచ్చుకుని అంచులు కుట్టి, గుండీలు వేసి ఇస్తుంది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆమెను అలాగే పిలుస్తాను. మొదటిసారి కిటికీ దగ్గరకు వచ్చినప్పుడు ఆమె వేళ్లు పొంగి నిగనిగలాడుతున్నాయి.

“కుట్టుపని పోనాదంటే పోనాది సెల్లీ,” అంది. “నా జడ నాను ఏసుకోలేకపోతన్నాను. ఎదిగిన కొడుకు తల దువ్వుతన్నాడు. ఇంతకన్నా సిగ్గు ఏటున్నాది?”

మందు గురించి చెప్పాను.

“వారానికి ఒక్కపాలి ఏసుకుంటే ఏటి పనిసేత్తాది? నొప్పి రోజూ ఉన్నాది కదేటి!”

“నొప్పికి కాదప్పా. నొప్పి పుట్టించేదానికి.”

ఆదివారం రెండు మాత్రలు మెథోట్రెక్సేట్. మిగతా ఆరు రోజులూ రోజుకొక ఫోలిక్ యాసిడ్. ఆమె తప్పు లేకుండా తిరిగి చెప్పింది. నాలుగు నెలలకు వాపు దిగింది. తన జడ తనే వేసుకుని, ఆ జడ నాకు చూపించడానికి కిటికీ దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది.

సువార్తమ్మకు బెంగాలీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు రాదు. బైబిలు చదివి చదివి తెలుగు మాత్రం గడగడా చదువుతుంది. అందుకని నేను ఆమె పొట్లాల మీద తెలుగులో రాసేదాన్ని. ఒకదాని మీద ‘ఆదివారం మాత్రమే, రెండు’. ఇంకోదాని మీద ‘సోమ నుంచి శని, రోజుకు ఒకటి’. ఆసుపత్రి మొత్తంలో తెలుగులో రాసిన మందు పొట్లం నాదొక్కటే. నాకు ఎంత గర్వమో! గర్వం ఉన్నచోట కళ్లు సరిగా కనిపించవని అప్పటికి తెలియదు.

ఆ ఏడాది దుర్గాపూజ సెలవులు వస్తున్నాయని ఒకేసారి ఆరు వారాల మందు ఇచ్చాను. మా అలవాటు ప్రకారం మాత్రల పట్టీలు, అంటే స్ట్రిప్పులు, కత్తిరించి కాగితం పొట్లాల్లో వేశాను. పట్టీ మీద అచ్చువేసిన మందు పేరు ఆ ముక్కల్లో ఎక్కడా మిగల్లేదు. రెండు పొట్లాల్లోనూ పసుపు మాత్రలే.

ఆ తర్వాత సువార్తమ్మకు కంటి శుక్లం ఆపరేషను జరిగింది. కొత్త కళ్లద్దాలు వచ్చేదాకా దగ్గరి అక్షరం కనిపించదు. మందులు ఇచ్చే పని కొడుకు ప్రకాశ్ తీసుకున్నాడు. ముప్పై ఏళ్లవాడు, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమస్తా, బుద్ధిమంతుడు. బెంగాలీ బడిలో చదివాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

సువార్తమ్మ తన మందుల డబ్బాలో రోజువారీ పొట్లం పైన, ఆదివారం పొట్లం కింద పెట్టుకునేది. ఆపరేషను ముందు ఇల్లు శుభ్రం చేస్తూ ప్రకాశ్ డబ్బా ఖాళీ చేసి తుడిచి, పొట్లాలు తిరిగి పెట్టాడు. అటుది ఇటు అయింది. తర్వాత తల్లిని అడిగాడు, “రోజూ ఏసుకునేది ఏదే?”

“పైది,” అంది ఆమె.

చూడండి. తల్లి చెప్పింది నిజం. కొడుకు చేసింది తల్లి చెప్పినట్టే. పొట్లం మీద నేను రాసిందీ సరైనదే. ముగ్గురం సరిగానే చేశాం, ఆమె రోజూ మెథోట్రెక్సేట్ మింగింది.

దుర్గాష్టమినాడు మధ్యాహ్నం ప్రకాశ్ ఫోను చేశాడు. నన్ను మాశీ అంటాడు, బెంగాలీలో పిన్ని అని. వీధిలో ఢాకీల డోళ్ల మోతకు గొంతు సరిగా వినపడలేదు.

“మాశీ, అమ్మ నోరంతా పుండ్లు పడిపోనాది. నీళ్లు కూడా దిగటం నేదు. జొరం. పూజలో తిరిగి వేడి చేసిందంటున్నారు అందరూ.”

“ఏ మందులు వేస్తున్నావు? ఫోటో తీసి పంపు.”

ఫోటో వచ్చింది. ఒక పొట్లం దాదాపు ఖాళీ. దానిమీద నా చేతిరాత.

“దీని మీద ఏటి రాసున్నాది మాశీ?” అని అడిగాడు. “నాకు చదవడం రాదు.”

ముప్పై మూడేళ్లలో నాకు అంతకన్నా కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు.

“ఆదివారం మాత్రమే అని రాసుంది. ఇంకొక్క మాత్ర వెయ్యకు. ఇప్పుడే అమ్మను తీసుకుని రా. నేను గేటు దగ్గర ఉంటాను.”

తప్పు ఎవరిది

తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. నోరు లోపలంతా పచ్చిపుండు. ఈ మందుకు విరుగుడుగా పనిచేసే ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్, సెలైను మొదలుపెట్టారు. సాధారణ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఈ పని చేయలేదు. పేర్లు దగ్గరగా ఉన్నంతమాత్రాన మందులు ఒకటి కావు. కీళ్ల విభాగం డాక్టర్ మిత్ర పూజ సెలవులో ఉండి కూడా వచ్చారు. వారంన్నర పట్టింది. కణాలు మెల్లగా పెరిగాయి, జ్వరం తగ్గింది, పదకొండో రోజు సువార్తమ్మ మజ్జిగన్నం అడిగింది.

ఆ పదకొండు రోజులూ ప్రకాశ్ వార్డు బయట బెంచీ మీదే ఉన్నాడు. “నా సేత్తోనే అమ్మకి ఇసం పెట్టీసినాను మాశీ,” అన్నాడు.

“నీ చేతికి ఆ పొట్లం ఇచ్చింది ఎవరు?” అన్నాను.

ఆఫీసులో ఒక కాగితం తయారైంది. ‘రోగి కుటుంబ సభ్యుల అజాగ్రత్త వల్ల మోతాదు తప్పింది.’ కింద నేను సంతకం పెట్టాలి. పెట్టలేదు. సంస్థలన్నీ ఇలాగే బతుకుతాయి, తప్పును ఎప్పుడూ కిటికీకి అవతలివైపు తోసేస్తాయి. నేను వేరే కాగితం రాశాను. పట్టీ కత్తిరించింది నేను. ఒక నెల దాటి ఇచ్చింది నేను. రోగి కళ్లకు అర్థమయ్యేలా రాసి, ఆ ఇంట్లో మందు ఇంకెవరైనా ఇవ్వాల్సి వస్తుందేమో అడగనిది నేను. మాత్రను రోగి వేసుకుంటాడని పుస్తకంలో ఉంటుంది. నిజానికి మాత్రను ఇల్లు వేస్తుంది.

పై అధికారి కాగితం చదివి, “నీ రిటైర్మెంటు దగ్గరపడింది, ఇదెందుకు నెత్తిన వేసుకుంటావు?” అన్నాడు. మిత్ర గారు నా పక్కన నిలబడి రెండో సంతకం చేశారు. ఆ నెలలోనే మా ఫార్మసీ నియమాలు మారాయి. ఈ మందు పట్టీ కత్తిరించడం బంద్. నాలుగు వారాలకు మించి ఇవ్వడం బంద్. రోగి చదివే భాషలోనూ, ఇంట్లో మందు ఇచ్చే మనిషి చదివే భాషలోనూ రాయాలి. ఆ రెండో మనిషి కూడా కిటికీ దగ్గరకు వచ్చి తిరిగి చెప్పాలి. ఈ మార్పులు ఎవరూ దయతలచి ఇవ్వలేదు, తప్పు ఒప్పుకుని సంపాదించాం. తప్పు దాచితే ఆ కిటికీలో ఈ రోజుకూ కత్తెర ఆడుతూ ఉండేది.

మూడు రోజుల పౌడరు

సువార్తమ్మ ప్రాణం దక్కింది. చేతులు మాత్రం మళ్లీ పోయాయి. మందు ఆగేసరికి నెలన్నరలో వేళ్లు పాతకన్నా ఎక్కువ వాచాయి. రక్తపరీక్షలు బాగున్నాయి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడదామని మిత్ర గారు అన్నారు. సువార్తమ్మ రాలేదు. రెండుసార్లు కబురు పెట్టాను. రాలేదు.

సంగతి ప్రకాశ్ చెప్పాడు. సువార్తమ్మ మరిది ఇమ్మానుయేలు చర్చిలో పెద్ద, పోర్టులో పనిచేసి రిటైరైనవాడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఎవరో అమ్మే మూలికల పౌడరు తెచ్చి ఇచ్చాడట. మూడు రోజుల్లో నొప్పి మాయమైందట. మిగతా జబ్బుమనుషులు కూడా అతని చుట్టూ చేరుతున్నారట.

ఆదివారం చర్చి అయ్యేవేళకు వాళ్లింటికి వెళ్లాను. ఎనిమిది పదిమంది టీ తాగుతూ కూర్చున్నారు. సువార్తమ్మ ముఖం గుమ్మడిపండులా గుండ్రమైంది. ఆ ముఖం చూడగానే నాకు పౌడరులో ఏముందో తెలిసిపోయింది. తెలిసిపోవడం వేరు, రుజువు చెయ్యడం వేరు.

“రా అమ్మాయ్,” అన్నాడు ఇమ్మానుయేలు. “ఇంకా సంపాలనే వొచ్చినావా, సూసి పోదామని వొచ్చినావా?”

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

“ముందు నీ మాట నేను చెబుతాను బావా, సరిగ్గా ఉందో లేదో చూడు. ఒకటి, నేనిచ్చింది కేన్సరు మందు. రెండు, దానివల్ల మీ వదిన చావుదాకా పోయింది. మూడు, నీ పౌడరు మూడు రోజుల్లో నొప్పి తీసింది. అంతేనా?”

“అంతే. ఒక్కటీ అబద్దం కాదు కదా?”

“ఒక్కటీ కాదు. కేన్సరుకూ ఇస్తారు, నిజం. అక్కడ ఇచ్చే మోతాదు ఎన్నో రెట్లు పెద్దది. అప్పకు ఇచ్చేది దానిలో చిన్న ముక్క. మీ వదిన చావుదాకా పోయింది, అదీ నిజం. ఆ తప్పు నాది. మందుది కాదు, ప్రకాశ్‌ది కాదు. నేను రాసిన తీరుది, కత్తిరించిన తీరుది. మా ఆఫీసులో అలాగే రాసి సంతకం పెట్టాను.”

నేను పోట్లాడతానని వాళ్లు ఎదురుచూశారు. తప్పు ఒప్పుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో ఎవరికీ తెలియదు.

“ఇక మూడోది. నన్ను భయపెట్టేది అదే.” సంచిలోంచి మెథోట్రెక్సేట్ పెట్టెలో వచ్చే సమాచార పత్రం తీసి, మడతలు విప్పి టీ బల్ల మీద పరిచాను. బల్ల చివర దాటి వేలాడింది. “ఈ మందు చేసే చెడు అంతా ఇందులో అచ్చు వేశారు. నోరు, కాలేయం, రక్తం, ఊపిరితిత్తులు, ఏదీ దాచలేదు. ఇప్పుడు నీ పౌడరు చెడు చదివి వినిపించు.”

“దీనికి చెడు నేదు.”

“లేదా? చెప్పలేదా?”

ఇమ్మానుయేలు పౌడరు పొట్లం అటూ ఇటూ తిప్పి చూశాడు. “అమ్మేవాడికి ఫోను చెయ్యి బావా. అందరం విందాం,” అన్నాను.

అతను నిజాయితీ ఉన్నవాడే, వెంటనే చేశాడు. స్పీకరు పెట్టాడు. ఇందులో ఏమేం ఉన్నాయని హిందీలో అడిగాడు.

“జడీబూటీ దాదా, అంతా మూలికల సరుకు. హిమాలయాలది.”

“పేర్లు?”

“పేర్లు మా గురువుగారి రహస్యం.”

“దీంట్లో ఇంగ్లీషు మందు ఏదీ నేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తావా?”

“తర్వాత మాట్లాడతా దాదా, సిగ్నల్ సరిగా లేదు.” ఫోను కట్టయింది.

“సిగ్నలు బాగానే ఉన్నాది,” అన్నాడు ఇమ్మానుయేలు నెమ్మదిగా, ఫోను వైపు చూస్తూ.

ఆ మాట ఆయన నోటితో రావడం నాకు ఆ రోజు దొరికిన పెద్ద గెలుపు. నేను ఇంకేమీ అనలేదు. ఓడినవాడి మీద మాట తూలితే గెలిచింది కూడా పోతుంది.

“నా ముకం ఇలగ ఎందుకయ్యింది సెల్లీ?” అని సువార్తమ్మ అడిగింది.

“అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారప్పా. నొప్పి చప్పున తగ్గుతుంది. ముఖం వాస్తుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది. స్టెరాయిడ్ కూడా మంచి మందే, డాక్టరు కొలిచి ఇస్తే. కాని ఇవ్వాళే ఆపెయ్యకు. అలవాటుపడ్డ ఒంటికి హఠాత్తుగా ఆపితే ఇంకో ప్రమాదం. రేపే పౌడరు పట్టుకుని మిత్ర గారి దగ్గరకు పద.”

మర్నాడు పరీక్ష చేస్తే షుగరు బాగా ఎక్కువ వచ్చింది. మిత్ర గారు పౌడరు మాన్పించి, దాని బదులు కొలిచిన స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి వారంవారం తగ్గించుకుంటూ వచ్చారు. పౌడరు పరీక్షకు వెళ్లింది. నేను అనుకున్నదే తేలింది. ఆ పరీక్ష కాగితాన్ని చర్చి నోటీసు బోర్డుకు అంటించింది నేను కాదు, ఇమ్మానుయేలు.

మళ్లీ మొదలు

మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది సువార్తమ్మే తేల్చుకోవాలి. మిత్ర గారు బలవంతపెట్టలేదు. వేరే మందులున్నాయి, వాటి మంచీచెడూ చెప్పారు. సువార్తమ్మ తన వేళ్ల వైపు చాలాసేపు చూసుకుంది. ఆ చేతులు ఇప్పుడు కాపాడుకోకపోతే శాశ్వతంగా పోతాయని ఆమెకు తెలుసు.

“బయం పోనేదు,” అంది. “అయినా ఎందుకు బయపడాలో తెలిసిన మందే కావాల నాకు. తెల్దన్న మందుని ఇంక ముట్టుకోను.”

మీకు నేను నేర్పాలనుకున్నదంతా ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. దుష్ఫలితాల జాబితా పొడుగ్గా ఉన్న మందును చూసి మీరు సిగ్గుపడకండి. ఆ జాబితా ఆ మందు నిజాయితీకి గుర్తు. ఎవరో బాధపడ్డారు, ఎవరో రాసుకున్నారు, ఎవరో అచ్చువేశారు. చెడే లేదనే మందు వస్తే తలుపు మూయండి.

చిన్న మోతాదుతో మొదలైంది. వారానికి ఒక్క మాత్ర, కొన్ని వారాల తర్వాత రెండు. పట్టీ నిండుగా, పేరు కనిపించేలా. ఒక కాగితం తెలుగులో, ఒకటి బెంగాలీలో. తల్లీ కొడుకూ ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి తిరిగి చెప్పేవారు. వెనక వరసలో ఎవరైనా విసుక్కుంటే ప్రకాశ్ వెనక్కి తిరిగి, “మీరూ నేర్చుకోండి దాదా, పనికొస్తుంది,” అనేవాడు. నెలనెలా రక్తపరీక్ష. ఒకసారి కాలేయం అంకె కొంచెం పెరిగితే రెండు వారాలు ఆపాం, మళ్లీ మొదలుపెట్టాం. రెండో నెలలో వికారం వస్తే మాత్రలు రాత్రి భోజనం తర్వాతకు మార్చాం. ఇవి చిన్న సర్దుబాట్లు. వీటికి భయపడి ఎవరూ మందు మానలేదు, ఎందుకంటే ఇవి వస్తాయని ముందే చెప్పాం.

ఏప్రిల్ వచ్చేసరికి ఆమె ముఖం మళ్లీ ఆమె ముఖం అయింది. మే నెలలో గౌన్ల మూట ఇంటికి వచ్చింది. నేను రిటైరవడానికి ముందు నెల, మిత్ర గారి గదిలో ఆమె చివరిసారి నా ముందు కూర్చుంది. వేళ్లలో వాపు లేదు. మిత్ర గారు ఒక్కొక్క కీలు నొక్కి చూసి, కాగితం మీద సున్నాలు వేసుకుంటూ పోయారు. తర్వాత తన రెండు వేళ్లు ముందుకు చాపారు. చేతి బలం చూడడానికి డాక్టర్లు అలా చేస్తారు. “నొక్కండి మాశీమా, ఎంత గట్టిగా నొక్కగలిగితే అంత,” అన్నారు బెంగాలీలో.

సువార్తమ్మ ఆ వేళ్లను గుప్పిట్లో పట్టుకుని నొక్కింది.

“ఓరే బాబా!” మిత్ర గారు కుర్చీలోంచి సగం లేచారు. “ఛాడో, ఛాడో!”

గదిలో ఉన్న నర్సు నవ్వింది. ప్రకాశ్ “అమ్మా, వదిలీ!” అన్నాడు. సువార్తమ్మ వదల్లేదు. నా వైపు తిరిగి చూసింది.

“ఆగు సెల్లీ,” అంది. “ఇంకా సగమే నొక్కినాను.”